లాన్‌లో తుంగ, గరిక, ఊద: ముందు గుర్తుపట్టండి, తర్వాతే పీకండి

"లాన్ వేసి ఏడాది కాలేదు, అప్పుడే సగం పిచ్చిగడ్డి అయిపోయింది. ఏ మందు కొట్టాలి?" ఇంటి ముందు కాస్త జాగా ఉండి లాన్ పెంచుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. మందు సంగతి తర్వాత, ముందు వచ్చిన గడ్డి ఏదో చెప్పండి అంటే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. "ఏదో గడ్డి, పొడుగ్గా లేస్తోంది" అంటారు. పని అక్కడే చెడుతోంది. ఊదను వేరుతో పీకితే పోతుంది. అదే చేత్తో తుంగను పీకితే ఒకటి ఉన్నచోట నాలుగు లేస్తాయి. గరికను పారతో నరికితే ప్రతి ముక్కా మళ్లీ వేరు పట్టేస్తుంది. కాబట్టి ఈ పనిలో సగం గుర్తుపట్టడమే.

ఇక్కడ చెప్పేది హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఇళ్ల ముందు ఉండే లాన్ల గురించి. వెడల్పాకు కలుపు, అంటే గడ్డి చామంతి, రెడ్డివారి నానుబాలు, పులిచింత లాంటివి ఇందులో లేవు. వాటిని చూడగానే గడ్డి కాదని తెలిసిపోతుంది, తీయడమూ తేలికే. లాన్‌లో కలిసిపోయి కనిపించే గడ్డి రకాలతోనే అసలు తంటా.

కావలసినవి

- ఖుర్పీ లేదా తొలిక. సన్నని మొన ఉన్నదైతే మంచిది.
- పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి (పాతదైనా చాలు)
- బకెట్ నీళ్లు, తెల్ల కాగితం, ఫోన్ కెమెరా
- పీకిన గడ్డి వేయడానికి సిమెంటు సంచి
- చేతి గ్లవ్స్
- ఖాళీలు పూడ్చడానికి మీ లాన్ రకం గడ్డి షీట్లు కొన్ని
- రెండు పూలకుండీలు (ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను)

1. మీరు వేసిన గడ్డి ఏదో ముందు తెలుసుకోండి

లాన్ వేసిన నర్సరీవాళ్లనో మాలినో అడగండి. మన దగ్గర ఎక్కువగా వేసేవి మెక్సికన్ గడ్డి, కొరియన్ కార్పెట్, బెర్ముడా, సెలెక్షన్ వన్. నీడ ఉన్న చోట వెడల్పాకు బఫెలో గడ్డి వేస్తారు. కడియం వైపు నర్సరీల నుంచి షీట్లుగా వచ్చేవాటిలో కూడా ఇవే ఎక్కువ.

ఇది ఎందుకు ముఖ్యమంటే, బెర్ముడా, సెలెక్షన్ వన్ రెండూ గరిక జాతివే. వినాయక చవితికి కోసుకొచ్చే గరికకు దగ్గర చుట్టాలు. ఆ లాన్‌లో నాటు గరిక చేరితే, దాన్ని మాత్రమే చంపి లాన్‌ను వదిలేసే మందు ఉండదు. అలాంటప్పుడు గరికతో సర్దుకుపోవడమే మేలు, క్రమంగా కత్తిరిస్తుంటే అదీ లాన్‌లో కలిసిపోతుంది. మెక్సికన్, కొరియన్ రకాల సంగతి వేరు. అవి నెమ్మదిగా పెరుగుతాయి, గరిక వేగంగా పాకుతుంది. అక్కడ గరిక నిజంగా కలుపే.

2. ఒక మొక్కను పూర్తిగా బయటికి తీసి చూడండి

సాయంత్రం నీళ్లు పెట్టి, మర్నాడు పొద్దున మట్టి మెత్తగా ఉన్నప్పుడు తవ్వండి. చుట్టూ నాలుగు అంగుళాల దూరంలో ఖుర్పీ దించి, మట్టితో సహా ఎత్తండి. బకెట్లో ముంచి మట్టి వదిలించి, తెల్ల కాగితం మీద పరిచి, ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడండి. పైన కోసిన ఆకు ముక్కను పట్టుకుని గుర్తుపట్టాలని చూడకండి, కుదరదు.

చూడాల్సినవి నాలుగు. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలు తగులుతున్నాయా, గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా? పైనుంచి చూస్తే ఆకులు రెండు వైపులకే ఉన్నాయా, మూడు వైపులకు ఉన్నాయా? కింద దుంప ఉందా, పాకే తీగ ఉందా, ఒట్టి వేళ్ల కుచ్చేనా? ఆకు కాండాన్ని అంటుకునే చోట పలచని పొర ఉందా, వెంట్రుకల వరస ఉందా, ఏమీ లేదా?

ఇక రకాలు చూద్దాం.

తుంగ. కాండం మూడు పలకలు, ఆకులు మూడు వైపులకు, మెరుపు ఉంటుంది. నిజానికి ఇది గడ్డి కుటుంబం కాదు, అందుకే గడ్డి మందులు చాలావరకు దీన్ని తాకవు. కింద చిన్న నల్లని దుంపలు సన్నని తీగతో గొలుసుగా ఉంటాయి, గిల్లితే వాసన వస్తుంది. ఆయుర్వేదంలో తుంగముస్తలు అనేవి ఇవే. లాన్ కత్తిరించిన రెండు మూడు రోజులకే మిగతా గడ్డిని దాటి నిటారుగా లేచిందంటే చాలావరకు తుంగే.

గరిక. పాకే తీగ, ప్రతి కణుపు దగ్గర వేర్లు. నేల మీదా పాకుతుంది, నేల లోపలా పాకుతుంది. ఆకు మొదట్లో తెల్లని వెంట్రుకల వరస. కంకి సన్నని వేళ్లలా మూడు నుంచి ఆరు పాయలు.

ఊద. తడి ఎక్కువగా ఉండే చోట వస్తుంది. ఆకు మొదట్లో పొర గానీ వెంట్రుకలు గానీ ఏమీ ఉండవు. ఊదను పట్టించే గుర్తు అదే. కొన్నిటి ఆకుల మీద ఊదారంగు పట్టీలు అడ్డంగా కనిపిస్తాయి.

రాగి జాతి గడ్డి. మనం తినే రాగికి అడవి చుట్టం. కుదురు నేలకు నొక్కినట్టు బల్లపరుపుగా పడి ఉంటుంది. కాండం మొదలు తెల్లగా, వెండిలా మెరుస్తుంది. తొక్కి తొక్కి గట్టిపడిన నేలలో, గేటు నుంచి మెట్ల దాకా నడిచే దారిలో ముందుగా వచ్చేది ఇదే. వేరు చాలా గట్టిది.

నక్షత్ర గడ్డి. కంకి చూస్తే చాలు. పొట్టిగా, లావుగా నాలుగైదు పాయలు నక్షత్రంలా విచ్చుకుంటాయి. ఇసుక నేలల్లో ఎక్కువ.

ఇవి కాక, సన్నని పొడుగు వేళ్లలాంటి కంకులు, కాస్త నూగు ఉన్న వెడల్పు ఆకులతో పక్కలకు పాకే గడ్డి ఒకటి వానాకాలంలో వస్తుంది. గరిక అని పొరపడుతుంటారు. ఆకు గరికకన్నా వెడల్పు, మెత్తన. ఆకు మొదట్లో వెంట్రుకల వరస బదులు పలచని పొర ఉంటుంది. పైగా ఇది ఒక్క ఏడాదే బతికే మొక్క, గింజ పడకముందే తీస్తే కథ ముగిసినట్టే.

3. ఎక్కడ వచ్చిందో చూడండి

లాన్ అంతా ఒకసారి నడిచి, కలుపు ఉన్న చోట్లను ఒక కాగితం మీద గీసుకోండి. కుళాయి కారే చోటే ఊద ఉందా? నడిచే దారిలోనే రాగి జాతి గడ్డి ఉందా? ప్రహరీ గోడ అంచు నుంచి గరిక లోపలికి వస్తోందా? కారణం అక్కడే దొరుకుతుంది. కుళాయి కారడం ఆపకుండా ఊద పీకితే వచ్చే నెల మళ్లీ పీకాల్సిందే.

లాన్‌లో సగం కన్నా ఎక్కువ తుంగో గరికో ఆక్రమించి ఉంటే ఈ ఓపిక పనులన్నీ వద్దు. చివర్లో చెప్పిన పద్ధతిలో తీసేసి మళ్లీ వేసుకోండి. ఖర్చు అయినా రెండేళ్ల అవస్థ తప్పుతుంది.

4. తీయడం

*కుదురుగా పెరిగేవి (ఊద, రాగి జాతి, నక్షత్ర గడ్డి):* గింజ పడకముందే తీయాలి, అదొక్కటే నియమం. తొలకరి పడ్డ మూడు నాలుగు వారాలకు వీటిని తీస్తే పని అరగంటలో అవుతుంది. కంకులు వచ్చాక తీస్తే మీరే గింజలు చల్లినట్టు. నేల తడిగా ఉన్నప్పుడు కుదురు కింద ఖుర్పీ దించి, మొదలుతో సహా ఎత్తండి. ఆకులు పట్టుకుని లాగితే తెగి, మొదలు మిగిలిపోతుంది. కంకి ఉన్నవాటిని కంపోస్టు గుంతలో వేయకండి, సంచిలో కట్టి బయటికి పంపండి.

*గరిక:* తీగ కొస పట్టుకుని వెనక్కి వెతుక్కుంటూ వెళ్లండి. కణుపు కణుపు దగ్గరా ఖుర్పీ మొనతో లేపుతూ తీగ మొత్తం తీయాలి. తొందరపడి తవ్వి ముక్కలు చేస్తే లాన్ అంతా పంచినట్టవుతుంది. గోడ అంచు నుంచి, పక్క ఖాళీ ప్లాటు నుంచి వస్తుంటే ఇటుకలు గానీ పలచటి రాయి గానీ ఆరు అంగుళాల లోతుకు నిలబెట్టి అడ్డు కట్టండి. పైనుంచి దాటే తీగలను వారానికోసారి కత్తిరిస్తే చాలు.

*తుంగ:* దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే.

తుంగ బలం ఆకులో లేదు, దుంపల గొలుసులో ఉంది. పై దుంప మొలకెత్తి ఉన్నంతకాలం కిందివి చాలావరకు నిద్రలో ఉంటాయి. చేత్తో లాగితే మొక్క మొదలు దగ్గర తెగుతుంది, గొలుసూ తెగుతుంది, నిద్రపోయేవి లేస్తాయి. "పీకిన కొద్దీ పెరుగుతోంది" అనేది ఇందుకే.

దీనికి దారులు రెండు. తుంగ అక్కడక్కడ చిన్న జాగాలోనే ఉంటే, ఆ జాగా చుట్టూ ఒక జానెడు ఎక్కువగా తీసుకుని, ఎనిమిది అంగుళాల లోతు తవ్వి, మట్టిని జల్లెడ పట్టి దుంపలు ఏరేయండి. దుంపల్లో ఎక్కువ భాగం పై ఆరు అంగుళాల్లోనే ఉంటాయి. గుంతలో జల్లించిన మట్టే నింపి, పైన లాన్ షీటు వేసి తొక్కండి.

లాన్ అంతా పలచగా పరుచుకుని ఉంటే తవ్వడం కుదరదు. అప్పుడు దుంపను అలసిపోయేలా చేయాలి. ప్రతి మొలకకూ దుంప తన నిల్వలోంచే ఖర్చు పెడుతుంది. ఆకు కొన్ని వారాలు ఎండ తింటే ఆ ఖర్చు తిరిగి వచ్చి, కొత్త దుంపలు కూడా పడతాయి. ఆ అవకాశం ఇవ్వకుండా, వారం పది రోజులకోసారి ఖుర్పీ మొనతో నేల లోపల అంగుళం దిగువన కోస్తూ పోండి. ఒక నెల చేసి మానేస్తే చేసినదంతా వృథా. జూన్ నుంచి అక్టోబరు దాకా విడవకుండా చేస్తే రెండో ఏడాదికి తేడా బాగా తెలుస్తుంది. ఇది ఓపిక పని, మందు వాడకుండా ఇంతకన్నా తేలిక దారి లేదు.

5. ఖాళీలు మూయండి

కలుపు తీసిన చోట ఖాళీ వదిలితే వారంలోపే ఇంకో గడ్డి వస్తుంది. అదే రోజు షీటు ముక్క పెట్టి నొక్కండి.

షీటు కింద వేసే మట్టి, ఎరువుల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. ట్రాక్టర్‌తో తెప్పించే ఎర్రమట్టిలో తుంగ దుంపలు వస్తాయి. మగ్గని పశువుల ఎరువులో గడ్డి గింజలు వస్తాయి, పశువు తిన్న గింజల్లో కొన్ని అరగకుండా పేడలో బయటికి వస్తాయి కాబట్టి. కొత్త లాన్లు పాడవడానికి నేను చూసినంతలో ముఖ్య కారణం ఇదే. మందుల మీద పెట్టే ఖర్చులో పదో వంతు శ్రద్ధ ఇక్కడ పెడితే సగం సమస్య రాదు.

పరీక్ష చాలా తేలిక. తెచ్చే ముందు ఒక కుండీలో ఆ మట్టి, ఇంకో దాంట్లో ఆ ఎరువు నింపి, ఎండలో పెట్టి రోజూ నీళ్లు చల్లండి. మూడు వారాల్లో ఏం మొలుస్తుందో అదే రేపు మీ లాన్‌లో మొలిచేది. తుంగ మొలిస్తే ఆ మట్టి వద్దని చెప్పేయండి. గడ్డి మొలిస్తే ఎరువు ఇంకా మగ్గాలి. కుప్ప లోపల వేడి 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, రెండు మూడు సార్లు తిరగేసిన ఎరువులో గింజలు చాలావరకు చనిపోతాయి.

6. కత్తిరింపు, నీళ్లు

బాగా పొట్టిగా, నున్నగా గీసేస్తే అందంగా ఉంటుందని మాలులతో అలా చేయిస్తుంటారు. నేల మీద ఎండ పడితే కలుపు గింజలు మొలుస్తాయి. మెక్సికన్, బెర్ముడా లాన్లను అంగుళం నుంచి అంగుళంన్నర ఎత్తులో ఉంచండి. ఒకేసారి ఎత్తులో మూడో వంతుకు మించి కోయవద్దు. పెరిగిపోయి ఉంటే రెండు దఫాలుగా తగ్గించండి. మాలి తెచ్చే మెషిన్ నాలుగిళ్లు తిరిగి వస్తుంది, బ్లేడు కింద అంటుకున్న గడ్డిని గేటు బయటే కడిగించండి. గరిక ముక్కలు, గింజలు అలాగే వస్తాయి.

నీళ్లు రోజూ కాసిన్ని చల్లడం కన్నా, పొద్దున పూట నిండుగా పెట్టి, పైమట్టి ఆరాక మళ్లీ పెట్టడం మంచిది. ఎంత తడిసిందో స్క్రూడ్రైవర్‌తో చూడండి. నీళ్లు పెట్టిన మర్నాడు అది నాలుగు నుంచి ఆరు అంగుళాలు సులువుగా దిగాలి. దిగకపోతే నేల గట్టిపడింది. అక్కడ గునపంతోనో ఫోర్క్‌తోనో జానెడుకొకటి చొప్పున రంధ్రాలు చేసి, ఇసుక కలిపిన మెత్తని కంపోస్టు చల్లండి. రాగి జాతి గడ్డి ఉన్న చోట ఇది చేయకపోతే పీకి లాభం లేదు.

7. మందు కొట్టాలనే అనుకుంటే

మన దేశంలో ఈ మందుల లేబుళ్లు ఎక్కువగా పంటల కోసం రాసినవి, లాన్ అనే మాట చాలా డబ్బాల మీద కనిపించదు. అందుకే ఉద్యాన శాఖ అధికారిని గానీ, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరును గానీ అడిగాకే ముందుకెళ్లండి. ఏ మందైనా ముందు రెండు గజాల జాగాలో కొట్టి, మూడు వారాలు చూడండి.

గ్లైఫోసేట్: గడ్డి, లాన్ తేడా లేకుండా అన్నిటినీ చంపుతుంది. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం దీన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలి. షాపువాళ్లు ఇచ్చినా మీరు సొంతంగా కొట్టకండి.

టూ ఫోర్ డీ: వెడల్పాకు కలుపు కోసం. ఊద, గరికల మీద పనిచేయదు. గాలికి ఎగిరిన తుంపర పడితే పక్కనున్న టమాటా, ద్రాక్ష, గులాబీ ముడుచుకుపోతాయి. గడ్డి కలుపుకు ఇది కొని మోసపోకండి.

హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం: తుంగ మీద బాగా పనిచేస్తుంది. ఇక్కడ చెరకులో వాడతారు, అమెరికాలో ఇదే మందు లాన్ల కోసమూ అమ్ముతారు. మన దగ్గర చెప్పే మోతాదు ఎకరానికి 36 గ్రాములు. ఎకరం అంటే 4,840 గజాలు, అంటే 100 గజాల లాన్‌కు ముప్పావు గ్రాము, మూడు నాలుగు లీటర్ల నీళ్లలో. చెంచాతో కొలిచే లెక్క కాదిది. గ్రాములో పదో వంతు, ఇంకా తక్కువ చూపించే చిన్న తూకం లేకపోతే ఈ పని పెట్టుకోకండి. కొత్తగా వేసిన లాన్ మీద వద్దు. కొట్టడానికి రెండు రోజుల ముందు, తర్వాత రెండు రోజులు కత్తిరించవద్దు. తుంగ పసుపెక్కడానికి రెండు మూడు వారాలు పడుతుంది. నాలుగో రోజుకు టెన్షన్ పడి రెండోసారి కొడితే లాన్ దెబ్బతింటుంది.

పెండిమిథాలిన్: గింజ మొలవకుండా ఆపేది. మొలిచిన దాన్ని ఏమీ చేయదు, తుంగ దుంపలనూ ఆపదు. మే చివర్లో, తొలకరికి ముందు వాడాలి. కొత్త లాన్‌లో వేర్లు పట్టనివ్వదు, కాబట్టి ఏడాది దాటిన లాన్‌లోనే. టైల్స్ మీద పడితే పసుపు మరక పోదు.

మందు కొట్టే రోజు పూర్తి చేతుల చొక్కా, గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. లాన్ పూర్తిగా ఆరేదాకా పిల్లలను, కుక్కలను అటు పంపకండి.

ఉప్పు చల్లడం, వెనిగర్ కొట్టడం కూడా చాలామంది చేస్తున్నారు. ఉప్పు మట్టినే పాడుచేస్తుంది, తర్వాత అక్కడ లాన్ కూడా రాదు. వెనిగర్ ఆకును మాడ్చి వదిలేస్తుంది, దుంపకు ఏమీ కాదు. మరిగే నీళ్లు మాత్రం టైల్స్ సందుల్లో వచ్చే గడ్డికి బాగా పనికొస్తాయి.

8. ఫలితం ఎలా చూసుకోవాలి

మొదలుపెట్టే రోజే నాలుగు చోట్ల అడుగు చదరం గుర్తు పెట్టుకుని, ఎన్ని కలుపు మొక్కలున్నాయో లెక్క రాయండి, ఫోటో తీయండి. నెలకోసారి అవే చోట్ల లెక్కపెట్టండి. కంటి అంచనా నమ్మకండి, వాన పడ్డ వారం ఎవరికైనా అంతా పాడైపోయినట్టే అనిపిస్తుంది.

తుంగలో మొక్కల సంఖ్య మొదట పెరగొచ్చు, నిద్రపోయే దుంపలు లేస్తాయి కాబట్టి. కంగారు పడకుండా ఆకు మందం చూడండి. వచ్చే మొలకలు సన్నబడుతుంటే దుంప బలం తగ్గుతోందని అర్థం. ఒకదాన్ని తవ్వి దుంప నొక్కి చూడండి. గట్టిగా, లోపల తెల్లగా ఉంటే బతికే ఉంది. మెత్తబడి, గోధుమరంగుకు తిరిగితే అయిపోయినట్టే.

మొత్తం తీసి మళ్లీ వేయాలంటే

ఏప్రిల్, మే నెలలే సరైనవి. పాత లాన్ చెక్కేసి, ఎనిమిది అంగుళాలు తిరగేసి, నీళ్లు పెట్టకుండా రెండు వారాలు ఎండబెట్టండి. పైకి వచ్చిన తుంగ దుంపలు ఎండకు చస్తాయి. కనిపించిన వాటిని, గరిక తీగలను ఏరేయండి. తర్వాత నేల చదును చేసి, బాగా తడిపి, పలచని తెల్ల పాలిథిన్ కప్పి, అంచులు మట్టిలో పూడ్చి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల షీటు కన్నా తెల్లది, అంటే వెలుగు దూరే షీటు ఎక్కువ వేడి ఇస్తుంది. పై మట్టిలోని గింజలు చాలావరకు పోతాయి. లోతున ఉన్న తుంగ దుంపలు కొన్ని మిగులుతాయి. అందుకే షీటు తీసిన వెంటనే లాన్ వేయకుండా, రెండు వారాలు తడుపుతూ, మొలిచినవాటిని తవ్వి తీసేసి, అప్పుడు వేయండి.

అమెరికాలో డాలస్ వైపు ఉండే మనవాళ్లకు ఒక మాట. అక్కడి బెర్ముడా లాన్ చలికాలంలో ఎండిన రంగుకు మారుతుంది, కాబట్టి జనవరిలో పచ్చగా కనిపించేది దాదాపు ఏదైనా కలుపే. దాన్ని ఆపే ప్రీ-ఎమర్జెంట్ మందు, అంటే గింజ మొలవకుండా ఆపేది, సెప్టెంబరులో వేయాలి. వేసవిలో వచ్చే క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డికి వేసేది ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో, మట్టి వేడి 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి వచ్చినప్పుడు. ఏప్రిల్‌లో మొలకలు చూశాక కొన్న బస్తా ఆ ఏడాదికి పెద్దగా పనిచేయదు.